కంచె దాటి, కడలి దాటి

నరసరావుపేట నుంచి వినుకొండ వైపు వెళ్లే రైలు శావల్యాపురం చేరేసరికి, వేసవిలో రెండు పక్కలా పొలాలు ఖాళీగా కనిపిస్తాయి. మిరప కోతలు అయిపోయి ఉంటాయి. పత్తికట్టె పీకి గట్ల మీద కుప్పలేసి ఉంటారు. నెర్రెలు విచ్చిన నల్లరేగడి, గట్ల వెంట సర్కారు తుమ్మ, ఆ తుమ్మ కొమ్మల మీద తొండలు మాత్రం మిగులుతాయి.

పొద్దెక్కేవేళ మగ తొండను చూడాలి. తల నుంచి భుజాల దాకా ఎరుపెక్కి, గొంతుకు రెండు పక్కలా నల్లటి మచ్చలు తేలి, ముందుకాళ్ల మీద లేస్తూ దిగుతూ పహిల్వానులా దండీలు తీస్తుంది. ఈ కొమ్మ నాది, ఇటు రావద్దని పక్క కంచె మీది మగదానికి చేసే హెచ్చరిక అది. ఆడదానికి అదే పిలుపు. ఆ ఎర్రటి గొంతు చూసే కాబోలు తెల్లదొరలు దీనికి నెత్తురు పీల్చేదని పేరు పెట్టారు. నిజానికి అది ఎక్కువగా తినేది చీమల్ని, మిడతల్ని, పేడపురుగుల్ని, గొంగళిపురుగుల్ని. రైతుకు దానివల్ల మేలే తప్ప కీడు లేదు.

శావల్యాపురంలో తొండను ఆగి చూసేవాళ్లు ఉండరు. రాయి విసిరే పిల్లలుంటారు, అంతే. అదే తొండ మారిషస్ తోటల్లో, రీయూనియన్ దీవి పెరళ్లలో, సింగపూర్ పార్కుల్లో, అమెరికాలోని ఫ్లోరిడా ఇళ్ల వెనక పచ్చికల్లో పరాయి జీవిగా పాతుకుపోయింది. అక్కడి జీవశాస్త్రవేత్తలు దాన్ని చొరబాటు జాతుల జాబితాలో రాసుకున్నారు. మన గట్టు మీద అనామకంగా బతికే జీవి అంత దూరం ఎలా వెళ్లింది? వెళ్లినచోట అంత బలం ఎక్కడిది?

తొండలు గుడ్లు పెట్టని నేల

దేనికీ పనికిరాని బీడును మనవాళ్లు 'తొండలు కూడా గుడ్లు పెట్టని నేల' అంటారు. తిట్టులా వినిపించే ఈ మాటలో మంచి పరిశీలన ఉంది. తొండ గుడ్డుకు కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు, మెత్తటి తోలు ఉంటుంది. గుడ్డు ఆ తోలు గుండా మట్టిలోని తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. తడి లేని నేలలో లోపలి పిండం ఎండిపోతుంది. అందుకే వానలు పడి మట్టి మెత్తబడ్డాక ఆడ తొండ చెట్టు దిగుతుంది. ముందుకాళ్లతో గుంట తవ్వి, ఒక విడతలో 10 నుంచి 20 గుడ్లు పెట్టి, పైన మట్టి కప్పి చదునుచేసి వెళ్లిపోతుంది. ఆరేడు వారాలకు పిల్లలు వాటంతటవే మట్టి తోసుకుని బయటికొస్తాయి.

మరి వాన రాకపోతే? ఈ ప్రశ్నకు ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకుల దగ్గర జవాబు దొరికింది. వాళ్లు ఏళ్ల తరబడి తొండల సంతానోత్పత్తినే పరిశీలించారు. గుడ్లు పెట్టేందుకు తగిన తడినేల దొరకనప్పుడు ఆడ తొండ గుడ్లను కడుపులోనే నిలుపుకుంటుంది. పిండం ఒక దశ దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. నేల తడిశాక, గుడ్లు మట్టిలో పడ్డాక, ఎదుగుదల మళ్లీ మొదలవుతుంది. ఇంకో వింత కూడా వాళ్లే తేల్చారు. మగదానితో ఒకసారి కలిశాక ఆడ తొండ ఆ వీర్యాన్ని శరీరంలో దాచుకోగలదు. తర్వాతి విడత గుడ్లకు మగ తోడు లేకపోయినా పిల్లలు పుడతాయి.

వాన ఎప్పుడొస్తుందో తెలియని మెట్ట ప్రాంతంలో బతకాలంటే ఇలా ఓర్చుకోవడం తెలియాలి. ఆ ఓర్పే తొండకు సముద్ర ప్రయాణంలోనూ అక్కరకొచ్చి ఉంటుంది. కడుపులో గుడ్లున్న ఒక్క ఆడ తొండ సరుకు చాటున ఓడెక్కితే చాలు, అవతలి రేవులో ఒక సంతతికే పునాది పడవచ్చు.

చెరకు పిలిచింది

హిందూ మహాసముద్రంలోని మారిషస్‌కు 1834 తర్వాత చెరకు తోటల కోసం భారతదేశం నుంచి వేలాది కూలీలు వెళ్లారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు ఆ దేశమంతటికీ సెలవు. తొండ కూడా చెరకు వల్లే అక్కడికి చేరింది గానీ, వచ్చిన దారి వేరు. జావా నుంచి నాటుకోవడానికి తెచ్చిన చెరకు ముచ్చెలతో 1865 ప్రాంతంలో రీయూనియన్‌కూ, 1900 ప్రాంతంలో మారిషస్‌కూ అది చేరిందని చెబుతారు. తోటల్లో చెమటోడ్చిన తెలుగు కూలీల వారసులు, ఇంటి ముందు కంచె మీద తమ తాతల ఊరి తొండ పోలికలున్న జీవిని చూస్తూ పెరిగారన్నమాట.

పోలికలు అనడానికి కారణం ఉంది. పాకిస్తాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించే తొండలన్నిటికీ చాలాకాలం ఒకటే శాస్త్రీయ నామం ఉండేది. 2021లో జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు, ఆ ఒక్క పేరు కింద వేర్వేరు జాతులు దాగి ఉన్నాయని తేల్చారు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త డోడిన్ పెట్టిన కేలోటెస్ వర్సికలర్ అన్న పేరు చివరికి దక్షిణ భారతపు తొండకు మిగిలింది. అంటే అసలు పేరుకు హక్కుదారు మన గట్ల మీదిదే. దాయాదులు ఎన్ని పేర్లతో ఉన్నా బతుకుతెరువు మాత్రం అందరిదీ ఒకటే.

రీయూనియన్ దక్షిణ తీరంలో మనపానీ అనే చోట మెరిసే పచ్చరంగు పగటి బల్లి ఒకటి ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేదు, అంతరించే అంచున ఉంది. దాన్ని తినే పరాయి జీవుల్లో తొండ ఒకటి. సింగపూర్‌కు తొండ 1980లలో ఉత్తరం నుంచి చేరింది. తోటల్లో తిరిగే అక్కడి పచ్చ జుట్టుబల్లి ఆ తర్వాత ఊరి తోటల్లో అరుదై అడవి చెట్లకు పరిమితమైంది. ఫ్లోరిడాలో పోర్ట్ సెయింట్ లూసీ చుట్టుపక్కల పెరళ్లలో తిరిగే తొండలు 1970ల చివర ఒక సరీసృపాల వ్యాపారి దగ్గర నుంచి బయటపడ్డవాటి సంతతి.

కాపలా లేని పెరడు

పల్నాటి గట్టు మీద తొండకు లోకమంతా శత్రువులే. పైనుంచి జాలెడేగ, పొదలోంచి జెముడుకాకి, కింద జెర్రిపోతు, ముంగిస, వాకిట్లో పిల్లి, పిల్లల్ని ఏరుకుతినే కోళ్లు. పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం ఏడాది తిరిగేలోపు ఎవరో ఒకరి కడుపు నింపుతాయి. అన్ని గుడ్లు పెట్టేది అందుకే. పరాయి దీవికి చేరిన తొండ వెంట ఈ కాపలా బలగం వెళ్లలేదు. గుడ్ల లెక్క మాత్రం తగ్గలేదు. చొరబాటు బలం చాలావరకు ఈ తేడాలోనే ఉంది. ఇక ఊరి శివారు ఇళ్లలో మనిషి చేసి పెట్టే ఏర్పాట్లున్నాయి. ఎండ కాగేందుకు ప్రహరీ, దాక్కునేందుకు పూలపొద, రోజూ నీళ్లు పోసి మెత్తగా ఉంచిన మడి. గుడ్లు పెట్టేందుకు అంతకన్నా మంచి నేల ఏముంటుంది!

బల్లిదీ ఇదే కథ. పంచాంగంలో ఎక్కడ పడితే ఏ ఫలమో రాసుకున్న మనకు, అది దేశదేశాల్లో ఎక్కడెక్కడ పడిందో తెలియదు. ఆసియా ఇంటి బల్లి ఓడ సరుకుల్లో దాక్కుని పసిఫిక్ దీవులకూ, ఆస్ట్రేలియాకూ, అమెరికా ఖండాలకూ చేరింది. వసారా దీపం చుట్టూ ముసిరే పురుగులు ఎక్కడైనా దానికి సిద్ధాన్నమే. మారిషస్‌లో అక్కడే పుట్టిన రాత్రి బల్లులు దాని పోటీకి తట్టుకోలేక తీరానికి దూరంగా ఉన్న కొన్ని చిన్న దీవుల్లో మాత్రమే మిగిలాయి.

రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. శావల్యాపురం తొండ కూర్చున్న సర్కారు తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండం. 1870ల చివర్లో జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. వంటచెరకు వస్తుందని, బీళ్లు పచ్చబడతాయని ఆశపడ్డారు. ఇప్పుడది చెరువు గర్భాలనూ, పోరంబోకులనూ ఆక్రమించింది. వాళ్ల చెట్టు మన కంచెలు ఎక్కింది, మన తొండ వాళ్ల కంచెలు ఎక్కింది. రెంటినీ దాటించింది మనిషే.

చెట్ల మీంచి రాలే ఇగ్వానాలు

ఫ్లోరిడాలో స్థిరపడిన తెలుగువాళ్లకు మరో బల్లి జాతి బాగా తెలుసు. తోకతో కలిపి అయిదడుగులు దాటే ఆకుపచ్చ ఇగ్వానా. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి పెంపుడు జంతువుగా వచ్చి, 1960ల నుంచి మయామీ ప్రాంతంలో స్వేచ్ఛగా తిరుగుతోంది. శాకాహారి. పెరట్లో మందారం మొగ్గ కనిపిస్తే వదలదు. కాలవ గట్లలో బొరియలు తవ్వి వాటిని గుల్ల చేస్తుంది. చలి పెరిగితే ఒళ్లు బిగుసుకుపోయి కొమ్మ మీంచి కిందపడుతుంది. 2020 జనవరి 21న మయామీ వాతావరణ కేంద్రం ఇగ్వానాలు రాలిపడవచ్చని ప్రజలను హెచ్చరించింది. ఎండ తగిలాక చాలా ఇగ్వానాలు లేచి నడిచిపోతాయి. ఆ చలి తర్వాత మయామీ బల్లుల్ని పరీక్షించినప్పుడు, అంతకుముందు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర బిగుసుకుపోయే జాతులన్నీ సగటున 5.5 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటున్నట్టు తేలింది.

చొరబాటుకు గురైన జీవి కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. 1995లో ఫ్లోరిడా తీరపు చిన్న దీవుల్లో శాస్త్రవేత్తలు క్యూబా మూలమున్న గోధుమరంగు అనోల్ బల్లిని కావాలనే వదిలారు. కొద్ది నెలల్లోనే స్థానిక ఆకుపచ్చ అనోల్ కింది కొమ్మలు వదిలి పైకి ఎగబాకింది. 15 ఏళ్లలో, దాదాపు 20 తరాల్లో, పైనున్న నున్నటి సన్నకొమ్మల మీద పట్టు దొరికేలా దాని వేళ్ల మెత్తలు పెద్దవయ్యాయి. పరిణామం కళ్లముందే జరిగింది. అయితే అంత వేగంగా మారే వీలు ప్రతి జీవికీ ఉండదు, మారిషస్ రాత్రి బల్లులకు లేకపోయింది.

2021లో ఫ్లోరిడా ప్రభుత్వం ఇగ్వానాలను, దక్షిణ అమెరికా టెగు బల్లులను నిషేధిత జాబితాలో చేర్చింది. అప్పటికే లెక్కకందనన్ని పెరళ్లలో ఉన్నాయి. మన దేశంలోనూ ఇగ్వానాలను ముచ్చటపడి కొనేవాళ్లు పెరిగారు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి విదేశీ జీవాలను పెంచేవాళ్లు అధికారులకు తెలిపి నమోదు చేయించాలి. చేరెడు పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చింది, మంచమంత అయ్యాక పెంచలేక ఊరి చివర చెరువు గట్టున వదిలేద్దామనిపిస్తుంది. దయతోనే చేశామనుకుంటాం. పోర్ట్ సెయింట్ లూసీకి తొండ చేరడానికి ఒక్క వ్యాపారి సరిపోయాడు. పెంచలేని జీవిని ఎక్కడా వదలకుండా అటవీశాఖకు అప్పగిస్తే మన చెరువు గట్టుకు ఆ గతి పట్టదు.