బోర్బన్ సీసా మీది చిన్న అక్షరాలే అసలు సంగతి

పాయకరావుపేట, తుని చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు సెలవులకు వస్తూ నాన్నకో మేనమామకో ఓ విస్కీ సీసా పట్టుకురావడం ఇప్పుడు మామూలే. సుంకం కట్టకుండా మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. ఇక్కడి దుకాణంలో కొనాలంటే ధర చుక్కలు చూపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అమెరికా విస్కీ అయిన బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించినా, రాష్ట్ర పన్నులు ఉండనే ఉన్నాయి. ఇంత పెట్టి కొన్నాక, సోడా పోసి రుచి చంపేయకుండా నీట్‌గా తాగదగ్గ సరుకేనా అన్నది ముందే తెలియాలి. అమెరికా చట్టం పుణ్యమా అని ఆ సమాచారం లేబుల్ మీదే ఉంటుంది. చదవడం వస్తే చాలు.

గింజ వాసన ఎక్కడ పోతుంది?

తాండవ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బళ్లు బారులు తీరడం ఈ ప్రాంతం వాళ్లందరూ చూసిందే. టన్ను చెరకు ఆడితే పంచదారతో పాటు సుమారు 40 కిలోల మొలాసిస్ వస్తుంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చాలా సరుకుకు మూలం ఈ మొలాసిస్ నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిట్. దాన్ని దాదాపు 96 శాతం ఆల్కహాల్ అయ్యేదాకా శుద్ధి చేస్తారు. ఆ స్థాయికి చేరాక అది చెరకుదో బియ్యానిదో ముక్కు పోల్చుకోలేదు. రంగూ రుచీ ఆ తర్వాత కలిపేవే.

బోర్బన్ దారి వేరు. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీలో 80 శాతం ఆల్కహాల్ దాటించకూడదు. ఈ రెండో నిబంధనే ప్రాణం. 80 దగ్గర ఆపితే గింజ వాసనలు ఆల్కహాల్‌తో పాటే మిగులుతాయి. రై విస్కీలో కనీసం 51 శాతం రై గింజ ఉండాలి. అందులో ఎక్కువగా ఉండే ఫెరూలిక్ ఆమ్లం నుంచి లవంగాన్ని తలపించే వాసన పుడుతుంది. తీపి ఇష్టమైతే బోర్బన్, ఘాటు ఇష్టమైతే రై.

కాల్చిన పీపా

లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే బోర్బన్ ఊరాలి. మంట తగిలిన చెక్కలో లిగ్నిన్ విరిగి వెనిలిన్ అవుతుంది. హెమిసెల్యులోజ్ పాకం రుచి ఇస్తుంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసన తెస్తాయి. పైనుంచి రంగు కలపడానికి వీల్లేదు.

లేబుల్ మీద ‘స్ట్రెయిట్’ అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు. నాలుగేళ్లు నిండకపోతే వయసు లేబుల్ మీద చెప్పి తీరాలి. అంటే ‘స్ట్రెయిట్’ అని ఉండి, వయసు లేకపోతే కనీసం నాలుగేళ్లది. అలాగని వయసు పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందని కాదు. కొత్త పీపాలో మరీ ఎక్కువకాలం ఉంటే చెక్క వగరు దిగుతుంది. ఏటా కొంత ఆవిరైపోతుంది కూడా. కెంటకీలో ఆ నష్టం నాలుగైదు శాతమైతే, వేడి ఎక్కువున్న బెంగళూరులో పది శాతం పైమాటే. పదిహేనేళ్ల సీసా ఖరీదులో ఈ నష్టం కూడా కలిసి ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య సరుకే డబ్బుకు న్యాయం చేస్తుంది.

1897 నాటి భరోసా

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోనూ కల్తీ విపరీతం. ముడి స్పిరిట్‌లో ఎండు పండ్ల రసం, పొగాకు లాంటివి కలిపి పాత విస్కీ అని అమ్మేవారు. దాన్ని అరికట్టడానికి 1897లో ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో నిల్వ, సరిగ్గా 100 ప్రూఫ్. తక్కువ ధరలో మంచి సరుకు వెతికేవాళ్లకు నేటికీ ఇంతకు మించిన గుర్తు లేదు.

అమెరికా లెక్కలో 100 ప్రూఫ్ అంటే 50 శాతం. బ్రిటిష్ లెక్కలో 57 శాతం పైచిలుకు. మన సీసాల మీద కనిపించే 42.8 శాతం ఆ బ్రిటిష్ ప్రూఫ్‌లో నూటికి 75 వంతులు.

పిల్లలతో తెప్పించుకునేవాళ్లు రాసుకోవలసిన పేర్లు ఇవి: ఇవాన్ విలియమ్స్ బాటిల్డ్ ఇన్ బాండ్, ఓల్డ్ గ్రాండ్ డాడ్ బాండెడ్, 50.5 శాతం బలమున్న వైల్డ్ టర్కీ 101. రై విస్కీలో రిటెన్‌హౌస్. 95 శాతం రై గింజ రుచి చూడాలంటే బులెట్ రై.

నీట్‌గా ఎందుకు మండుతుంది?

నోట్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేల్కొంటుంది. అందుకే సొంత ఒంటి వేడే మంటలా తోస్తుంది. మిరపకాయ కారం తగిలేదీ ఈ గ్రాహకానికే. కారం చెగోడీలు నంజుకుంటూ నీట్ తాగితే మంట రెట్టింపై రుచి అడుగున పడిపోతుంది. వేయించిన వేరుశెనగ పప్పు మేలు.

మూతి సన్నగా ఉన్న గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోయండి. పెదాలు కొంచెం తెరిచి వాసన చూడండి. మొదటి గుక్క నాలుక తడిసేంతే. తర్వాత చెంచాడు నీళ్లు కలిపి చూడండి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ నీళ్లు కలిపితే వాసన ఎందుకు తేలుతుందో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. ఆల్కహాల్ గాఢత తగ్గినప్పుడు గ్వాయకోల్ అనే వాసన అణువులు పైకి, ముక్కుకు దగ్గరగా చేరతాయి.

బలం ఎక్కువైనప్పుడు కొలత తగ్గాలి. 50 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 12 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం పెగ్గు 60 మిల్లీలీటర్లలో 20 గ్రాములు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తాగనివాళ్లు మొదలుపెట్టడానికి ఏ రుచీ కారణం కాదు. తాగేవాళ్లు మాత్రం తక్కువ తాగాలి, తెలిసి తాగాలి.

ఆ తెలుసుకునే హక్కు మన సీసా కొనేవాడికీ ఉండాలి. స్పిరిట్ దేని నుంచి తీశారు, మాల్ట్ ఎంత కలిపారు, పీపాలో ఎన్నాళ్లు ఉంచారు అన్న వివరాలు పూర్తిగా చెప్పే లేబుళ్లు మన మామూలు విస్కీల్లో అరుదు. అమెరికా వాళ్లు 1897లో చేసుకున్న ఏర్పాటు మనకు ఈపాటికి రావలసింది. క్వార్టర్ సీసా కొనే కూలీకి కూడా తాను ఏం తాగుతున్నాడో చెప్పి తీరాలి.