తొట్లు పేరిచ్చిన కొండ

విశాఖపట్నం నుండి భీమునిపట్నం పోవు సముద్రతీరపు దారిలో, మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉన్నది. పైకెక్కినవారు తిన్నగా మహాస్తూపం వద్దకే పోదురు. కాని కొండకు పేరిచ్చినవి రాతిలో తొలిచిన నీటితొట్లు. ఏరు పారని ఆ ఎత్తున బౌద్ధ భిక్షువులు వాననీటిని నిలువచేసికొని బ్రదికినారు. విహారం పాడుపడినది, బుద్ధుని ఊసే ఆ చుట్టుపట్ల మాసిపోయినది. అయినను ఊరివారి నోట తొట్లు నిలిచినవి. మనబోటి చదువరులకో, 1970 తరువాత నౌకాదళం స్థావరం కొరకు సర్వే జరిపినప్పుడుగాని ఆ శిథిలాల జాడ తెలియలేదు!

1988-93 నడుమ జరిగిన తవ్వకాలలో శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమను వెండి నాణెములును దొరకినవి. ఓడల వర్తకం ఈ మెట్టదాక వచ్చినదన్నమాట.

2019 అక్టోబరు వానలకు, పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంత భాగం కూలినది. అటువంటి వానలనే నాటివారు తొట్లలో పట్టుకొన్నారు.