దూది కన్నా వేలు మేలు

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు శివలింగపురం దాటి కొండెక్కుతుంటే బోగీలో పిల్లలంతా సిద్ధమైపోతారు. సొరంగం రాగానే కేకలు వేయాలి కదా! కొత్తవలస–కిరండూల్ మార్గంలో ఇలాంటి సొరంగాలు 58. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి ఇది.

ఒకసారి నా ఎదురు సీట్లో ఒక పెద్దావిడ మనవడి చెవుల్లో దూది పెట్టింది. రైలు సొరంగంలోకి దూరగానే వాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. ఆవిడ చప్పున రెండు అరచేతులతో వాడి చెవులు గట్టిగా మూసింది. ఏడుపు సన్నగిల్లింది. దూది చేయలేని పని ఆ చేతులెలా చేశాయి?

మెత్తటిది ఏదైనా చప్పుడును ఆపుతుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి శబ్దాన్ని మింగడం వేరు, అడ్డుకోవడం వేరు. సొరంగంలో రైలు అంత హోరెత్తడానికి కారణం చుట్టూ ఉన్న గట్టి గోడలే. బయట ఆకాశంలోకి చెదిరిపోయే చప్పుడు లోపల రాతికి తగిలి మళ్లీ మళ్లీ మనమీదికే వస్తుంది. ఆ గోడలకు బూరుగుదూది పరుపులు పరిచామనుకోండి, ప్రతిధ్వని చచ్చిపోతుంది. దూది పోగుల మధ్య సందుల్లో గాలి అటూ ఇటూ ఊగి, రాపిడికి ఆ శక్తి వేడిగా మారుతుంది. అది మింగడం. దానికి పరుపంత మందం కావాలి. చెవిలో పెట్టేది చిటికెడు దూది. అందులో సందులే ఎక్కువ. దూది ఉండను పెదాలకు ఆనించి ఊది చూడండి, గాలి అవతలికి పోతుంది. గాలి పోయే దారిలో శబ్దమూ పోతుంది. వేలైనా, అరచేయైనా అలా కాదు. చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసేస్తుంది.

అడ్డుకోవడానికి కావలసినవి రెండు: బరువు, బిగువు. ఈ రెండింటినీ అరకు రైల్లోనే చూడొచ్చు. 2017లో ఈ మార్గంలో పెద్ద పెద్ద అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చింది. అదే సొరంగం, అదే చప్పుడు. కానీ కిటికీలు తెరిచిన మామూలు బోగీలో మాట వినపడదు, అద్దాలు బిగించిన విస్టాడోమ్‌లో కబుర్లు సాగుతూనే ఉంటాయి. గాలి అలలు బరువైన అద్దాన్ని తేలిగ్గా కదిలించలేవు. అద్దం బరువు రెట్టింపైతే, అవతలికి చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే శక్తిలో నాలుగో వంతే మిగులుతుంది.

బరువు ఎంత ఉన్నా బిగువు లేకపోతే వృథా. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మూసి ఒక్క పాలు సందు వదిలితే, గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. తలుపు కింద సందు ఉన్న గదిలో నిద్రపోవడానికి ప్రయత్నించినవారికి ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

శబ్దం శ్రుతిని బట్టి కూడా తేడా ఉంటుంది. సన్నని కీచు చప్పుడు తేలిగ్గా ఆగుతుంది, బొంగురు మోత ఆగదు. ఈ కొండల్లో థింసా నృత్యం ఆడుతుంటే సన్నాయి లాంటి మోరి సాగదీసిన స్వరం ఇంట్లో తలుపులు వేసుకుంటే మందగిస్తుంది. తుడుము అనే డోలు దెబ్బ మాత్రం గోడ దాటి వచ్చేస్తుంది.

ఇక చెవిలోకి వద్దాం. చెవి గొట్టం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. అక్కడ బరువైన గోడ కట్టలేం కాబట్టి అంతా బిగువు మీదే ఆధారపడాలి. దూదికి మైనం పట్టిస్తే సందులన్నీ పూడతాయి. బెర్లిన్‌లో మాక్స్ నెగ్వర్ అనే మందుల వ్యాపారి 1907లో చేసింది ఇదే. గ్రీకు ఇతిహాసం ఒడిస్సీలో నావికుల చెవుల్లో తేనెమైనం పూసిన కథే ఆయనకు స్ఫూర్తి. మన కొండల్లో తేనె తీసే ఇళ్లలో ఆ మైనం కొత్తేమీ కాదు. అయితే పచ్చి మైనం ముద్దను చెవి లోపలికి తోయకండి, ముక్క లోపలే ఉండిపోవచ్చు.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఫోమ్ ఇయర్‌ప్లగ్ గొప్పతనం, నలిపితే వెంటనే తిరిగి ఉబ్బకపోవడం. సన్నగా పుల్లలా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి దోపి అరనిమిషం వేలితో అలాగే పట్టుకుంటే, అది మెల్లగా ఉబ్బి గొట్టం ఆకారంలోకి సర్దుకుంటుంది. డబ్బా మీద 33 డెసిబెల్స్ అని రాసి ఉన్నా, సగం బయటికి వేలాడేలా పెడితే అందులో చాలా భాగం దక్కదు.

పర్యాటకుడికి సొరంగం హోరు కాసేపటి గొడవ. రోజంతా చప్పుడులో బతికేవారి సంగతి వేరు. ఇదే మార్గంలో రెండో లైను కోసం రాయి తొలుస్తున్న కూలీలు, క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసేవారు, చెట్టు కోసే యంత్రం పట్టినవారు నా మనసులో మెదులుతున్నారు. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 15 నిమిషాలే. రాయి తొలిచే డ్రిల్లు దాన్నీ మించుతుంది. లోపలి చెవిలో నలిగి చచ్చిన రోమకణాలు మళ్లీ మొలవవు. ఇంత తెలిసీ ఆ కూలీల చేతికి ఒక జత ప్లగ్‌లు అందకపోతే అది అన్యాయమే.

వారికి చెవుల మీద తొడిగే ఇయర్‌మఫ్ మేలు. గట్టి ప్లాస్టిక్ చిప్ప అడ్డుకుంటుంది, లోపలి ఫోమ్ మింగుతుంది, అంచున మెత్తటి దిండు సందు పూడుస్తుంది. తలగుడ్డ మీదుగా పెట్టుకున్నా, కళ్లద్దాల కాడ అడ్డొచ్చినా దిండు కింద సందు పడుతుంది. డ్రిల్లు పట్టినవారు ప్లగ్, మఫ్ రెండూ వాడాలి. అయితే రెండు అంకెలూ కూడవు, అదనంగా దక్కేది 5 డెసిబెల్స్ దాకా. ఇంకెన్ని తొడిగినా 40–50 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతాం, ఎందుకంటే శబ్దం పుర్రె ఎముక గుండా కూడా లోపలికి చేరుతుంది. చెవిలో చీము కారేవారు ప్లగ్ జోలికి పోకుండా వైద్యుడిని కలవాలి.

ప్లగ్ సరిగ్గా కూర్చుందా అని అనుమానం వస్తే, చప్పుడులో ఉండగానే అరచేతులతో చెవులు మూసి తీయండి. మూసినప్పుడు చప్పుడు బాగా తగ్గిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. తీసి, మళ్లీ నలిపి, మొదటినుంచి పెట్టుకోండి.