తీర్థంలో బోధ, పల్లెలో సంఘం
పుష్కరాల రేవుల్లో కరపత్రాలు పంచే బోధకుల్ని చూసి, మతమార్పిడి అంతా అక్కడే జరుగుతుందనుకుంటారు చాలామంది. గోదావరి డెల్టా అనుభవం వేరు.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురం ప్రాంతంలో పని మొదలెట్టిన బౌడెన్ రాతిపనివాడు, బీర్ జోళ్లు కుట్టేవాడు. (ఇక్కడ జోళ్లు కుట్టడం కులం, అక్కడ వృత్తి.) నర్సాపురం రేవు దాటితే అంతర్వేది తీర్థం. తీర్థాల్లో బోధించడం ఆనాటి మిషనరీల పద్ధతి. కానీ తీర్థం అయిపోతే జనం చెదిరిపోతారు. సంఘం నిలవాలంటే ఊరు కావాలి. ఆ ఊరు మాలపల్లె, మాదిగపల్లె అయింది. గుడి గడప తొక్కనివ్వని వాళ్లకి చర్చితోపాటు బడీ దొరికింది.

అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుల్ని షెడ్యూల్డ్ కులాల జాబితా బయట పెట్టింది. 1956లో సిక్కు దళితులందరికీ, 1990లో బౌద్ధులకీ ఆ హోదా వచ్చింది, వీళ్లకి రాలేదు. రాష్ట్రంలో మిగిలింది బి.సి. ‘సి’ గ్రూపు, 1 శాతం. అందుకే మన పల్లెల్లో చాలామందికి ఆదివారం ఒక పేరు, కుల సర్టిఫికెట్లో ఇంకో పేరు.