బేతాళ కథల బొమ్మ వేసినదెవరు?

చీకటి రాత్రి. శ్మశానం. భుజాన శవం, చేత కత్తి, కాళ్ల కింద పుర్రెలు. ముందుకే అడుగు వేస్తున్న రాజు. ఇంతవరకు చెప్పేసరికే ‘చందమామ’లోని బేతాళ కథల బొమ్మ చదువరుల కళ్లకు కట్టి ఉంటుంది. మరి ఆ బొమ్మ వేసినదెవరు?

ఈ మాట మా నాయినను అడిగాను. వడ్ల గుమ్మి పక్కన ట్రంకుపెట్టెలో పాత చందమామలు భద్రంగా దాచుకున్న మనిషి ఆయన. “విక్రమార్కుడు ఎరుకే, బేతాళుడు ఎరుకే. బొమ్మ గీసినాయన పేరు ఎవరడిగిండ్రు బిడ్డా?” అన్నాడు. నాకూ తెలియదు. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన పేరు కె.సి. శివశంకరన్. బొమ్మ మీద సంతకం ‘శంకర్’. 1924 జూలై 19న ఈరోడు ప్రాంతపు పల్లెలో జన్మించారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో మద్రాసు ఆర్ట్ స్కూలులో చదివారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషలలో చందమామను మొదలుపెట్టారు. శంకర్ గారు 1952లో అందులో చేరారు. ‘చిత్ర’ అనే సంతకంతో టి.వి. రాఘవన్ గారు లోపలి బొమ్మలు వేసేవారు. ముఖచిత్రాలకు మన శ్రీకాకుళంవాడైన వడ్డాది పాపయ్య గారు పెట్టింది పేరు.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక సంగతి మనవి చేస్తాను. గీతల బొమ్మను అచ్చు వేసేటప్పుడు యంత్రానికి తెలిసినవి రెండే: సిరా పడ్డ చోటు, పడని చోటు. మధ్యలో బూడిదరంగు లేదు. నీడ కావాలంటే చిత్రకారుడు సన్నని గీతలను దగ్గర దగ్గరగా గీయాలి. కాస్త దూరం నుంచి చూస్తే కన్ను వాటిని విడదీయలేక నీడగా చూస్తుంది. భూతద్దంతో పాత సంచిక చూడండి, నీడ మాయమై గీతలే మిగులుతాయి. ఆ గీత మందమైతే బరువు, సన్ననైతే తేలిక. శవం బరువూ, రాజు పట్టుదలా మనకు తెలిసేది ఇట్లాగే.

రెండో కష్టం ఇంకా పెద్దది. గౌలిపురలో నేను అద్దెకుండే ఇంటి పక్క పిల్లవాడు హిందీ వాడు, తెలుగు అక్షరం రాదు. నా పుస్తకం తిరగేసి, “భయ్యా, ఈ రాజుకు భయం లేదా?” అని అడిగాడు. మరునాడు తన తాతగారి హిందీ చందమామ పట్టుకొచ్చాడు. రెండింటిలో అదే బొమ్మ! అప్పుడు నాకు తెలిసింది. కథను ప్రతి భాషలోకి మార్చాలి, బొమ్మను మార్చరు. అందుచేత ఏ ప్రాంతపు పిల్లవాడు చూసినా తనదే అనుకునేటట్టు రాజునూ, చెట్టునూ గీయాలి. అసలు బేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినా చందమామవారు కొత్త కథలు కల్పించి నడిపారు. కథ మారినా రాజు నడక ఆగలేదు.

చందమామ మాత్రం 2013 నాటికి ఆగిపోయింది. శంకర్ గారు 2020 సెప్టెంబరు 29న, తొంభై ఆరేళ్ల వయసులో, కన్నుమూశారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు, అందుకోవడానికి ఆయన లేరు. మూడు తరాల పిల్లలకు ఆ బొమ్మ తెలుసు, పేరు మాత్రం ఏ కొద్దిమందికో తెలుసు. తప్పు మనది. బొమ్మ చూసి పేజీ తిప్పేశాం, మూలనున్న సంతకం చదవలేదు.

మొన్న ఊరికి పోయినప్పుడు నాయినకు ఆ సంతకం చూపించాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, “గీ ముసలాయనకు ఒక్క ఉత్తరం రాస్తే ఎంత సంబురపడునో” అన్నాడు.

సంపాదక మిత్రులకు ఒక విన్నపం. ఈ సంచికలో బొమ్మలు వేసిన మన విద్యార్థుల పేర్లు కూడా రచయితల పేర్ల పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో వేయించండి.