‘ఆదిత్య 369’ చూసిన కళ్లకు సెల్‌ఫోన్ యుద్ధం ఆనదు!

తాడేపల్లిగూడెం (మా విలేఖరి): పాడైన మోటారు ముందేసుకుని రాగితీగ చుడుతున్న మనిషి, కాలయంత్రం మాట చెవిన పడితే చాలు, పని పక్కన పెట్టేస్తారు. పట్టణానికి సమీపంలోని ఒక గ్రామంలో మోటార్ల మరమ్మతు షాపు నడుపుతున్న ఈయనను ఊళ్లో పిల్లలంతా ‘సైన్సు మావయ్య’ అంటారు. చదివింది పదో తరగతి. చూసిన వైజ్ఞానిక చిత్రాలకు మాత్రం లెక్క లేదు. తన పేరు వేయవద్దని, అభిప్రాయాలు మాత్రం తప్పక వేయమని కోరుతూ ఆయన ఇటీవల ఈ విలేఖరితో ముచ్చటించారు.

ఎవరు గెలిచారు?

1991లో ‘ఆదిత్య 369’ విడుదలైనప్పుడు ఆయనకు పదకొండేళ్లు. మేనమామ సైకిలు వెనుక కూర్చుని వెళ్లి చూశారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో కథానాయకుడు బాలకృష్ణ కాలయంత్రమెక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, ఆ తర్వాత 2504వ సంవత్సరానికి వెళతాడు. ఊరంతా రాయలవారి సభ గురించి చెప్పుకుంటుంటే తనకు మాత్రం ఆ 2504 నిద్ర పట్టనివ్వలేదంటారాయన. మూడో ప్రపంచయుద్ధం జరిగి, అణుధార్మికత వల్ల నేలమీద బతకలేక జనం భూమి లోపల కాపురాలుండే కాలమది.

‘‘ఇంతకీ ఆ యుద్ధం ఎవరు గెలిచారు మావయ్యా అని దారిలో అడిగానండి. ఎవరూ గెలవలేదురా, గెలిస్తే పైనే ఉండేవాళ్లుగా అన్నాడు. ఆ మాట నన్నొదల్లేదండి’’ అని ఆయన చెప్పారు. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రం మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్న కొడుకును వెంటబెట్టుకెళ్లి మరీ చూపించారు.

మంచి వైజ్ఞానిక చిత్రం అంటే పెద్ద పెద్ద యంత్రాలు చూపించడం కాదని, ఇంటికొచ్చాక మనిషిని ఆలోచింపజేయడమని ఆయన అభిప్రాయం. అందుకు 2010 నాటి ‘రోబో’ను ఉదాహరణగా చెబుతారు. శాస్త్రవేత్త ఆ మరమనిషిని సైన్యం కోసమే తయారుచేస్తాడు. మంటల్లో చిక్కుకున్న అమ్మాయిని అది కాపాడుతుంది గానీ, స్నానం చేస్తున్న పిల్లను ఉన్నదున్నట్టుగా నలుగురి మధ్యకు తెచ్చి నిలబెడుతుంది. ఆ అవమానం భరించలేక ఆమె పరుగెత్తి వాహనం కింద పడి మరణిస్తుంది. ‘‘యంత్రానికి బలం ఇవ్వడం తేలికండి. సిగ్గంటే ఏమిటో చెప్పడమే కష్టం. అలాంటిదాని చేతికి తుపాకీ ఇస్తే ఏమవుతుందో తర్వాత సినిమాయే చూపించింది’’ అన్నారు.

2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఎ.డి.’లో పోరాటాలు ఎక్కువయ్యాయని ఆయన ఫిర్యాదు. కింద జనం నీటిచుక్కకు అలమటిస్తుంటే, పైనున్న ‘కాంప్లెక్స్’లో నీళ్లు, పచ్చదనం దాచుకోవడం మాత్రం బాగా నచ్చిందట. ‘‘కాలవ చివర చేలున్న రైతుకు ఆ కథ వేరే చెప్పక్కర్లేదండి’’ అని నవ్వారు.

ఇంట్లోనే యుద్ధం

ఆ నవ్వు కొడుకు మాట రాగానే తగ్గిపోయింది. పబ్జీ ఆటను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అదే తరహా ఆట మన దేశం కోసమంటూ మరో పేరుతో వచ్చింది. అందులో నెత్తురు ఎర్రగా కాక పచ్చగా కనబడుతుంది. వందమంది గొడుగుల సాయంతో దీవిలో దిగుతారు. దొరికిన తుపాకులు ఏరుకుంటారు. చుట్టూ గిరి చిన్నదవుతూ పోతుంది. చివరికి మిగిలినవాడిదే గెలుపు. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. సాయంత్రమైతే రామాలయం అరుగుమీద కుర్రాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చి ఉంటారు.

‘‘ఆటలో పనితనం లేదని నేననను. చూపు చురుగ్గా ఉండాలి, నలుగురూ ఒక మాటమీద నడవాలి’’ అంటూనే, నిరుడు జరిగిన సంగతి చెప్పారాయన. ఆట పేరు చెప్పడం ఇష్టం లేదన్నారు. కొడుకు రాత్రి ఒంటిగంట దాకా ఆడేవాడు. తుపాకీకి కొత్త రంగులు కొనడానికి తల్లి ఖాతాలోంచి విడతలుగా 3,400 రూపాయలు తీసేశాడు. అది డ్వాక్రా వాయిదా కోసం ఆమె దాచుకున్న సొమ్ము. ఆ నెల పక్కింట్లో చేబదులు తెచ్చి కట్టాల్సి వచ్చింది.

తండ్రి కొట్టలేదు. ఫోను పగలగొట్టలేదు. కొడుకును మిలిటరీ మాధవరంలో తనకు తెలిసిన మాజీ హవల్దారు ఇంటికి తీసుకువెళ్లారు. ప్రపంచయుద్ధాల నాటినుంచీ సైన్యంలో చేరుతున్నవారి ఊరది. పెద్దాయన ముచ్చటపడి ఫోను తీసుకుని ఆడారు. రెండు నిమిషాల్లో ‘చనిపోయారు’. మళ్లీ మొదలుపెట్టవచ్చని కుర్రాడు చెప్పాడు.

‘‘నీకు మళ్లీ మొదలవుతుంది బాబూ. మా జట్టులో ఇద్దరికి మొదలవలేదు. వాళ్ల ట్రంకుపెట్టెలు సర్ది ఇళ్లకు పంపింది నేనే’’ అన్నారట ఆయన. దారి పొడవునా కొడుకు నోరు మెదపలేదని తండ్రి చెప్పారు.

తుపాకీ లేనివాడి కథ

యుద్ధం ఆటల్లో తాను మెచ్చేది ఒక్కటేనంటారు సైన్సు మావయ్య. అది పోలండ్‌లో తయారై 2014లో వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’. 1992-96 మధ్య సరయేవో నగరం ముట్టడిలో జనం పడ్డ పాట్లు దానికి ఆధారం. అందులో మనం సైనికులం కాము, కూలిన ఇంట్లో తలదాచుకున్న మామూలు మనుషులం. తిండి, మందులు, చలికి కట్టెలు వెతుక్కోవాలి. ఈ ఆటను విద్యార్థులకు సూచించే పుస్తకాల జాబితాలో చేరుస్తున్నట్టు పోలండ్ ప్రభుత్వం 2020లో ప్రకటించింది.

కొడుకు ఆ ఆటలో ఒక ముసలి దంపతుల ఇంట్లో తిండి దొంగిలించాడు. మర్నాటినుంచి తన మనుషులే దిగులుతో మూలన కూర్చున్నారు. ‘‘నాన్నా, ఇందులో గెలిచినా గెలిచినట్టు లేదు అన్నాడండి. ముప్పై నాలుగేళ్ల కిందట మా మావయ్య నాకు చెప్పిందీ అదే’’ అన్నారాయన.

ఇప్పుడా ఇంట్లో భోజనాలయ్యాక గంటసేపే ఆట. తర్వాత ఫోను అలమరాలోకి వెళుతుంది. ఆదివారాలు షాపులో తీగ చుట్టి కొడుకు తల్లి బాకీ తీరుస్తున్నాడు. ఇంకా 900 రూపాయలు మిగిలాయి.

గ్రామ గ్రంథాలయంలో వైజ్ఞానిక కథల పుస్తకాలకు ఒక అలమరా ఏర్పాటు చేయాలని, నెలకొకసారి పిల్లలకు మంచి వైజ్ఞానిక చిత్రం చూపించాలని ఆయన అధికారులను కోరుతున్నారు. మొదటి పది పుస్తకాలు తానే కొనిస్తానని చెప్పి, మళ్లీ మోటారు ముందు కూర్చున్నారు.