వలసవారి చరిత్రలు - ఆంగ్లవిద్య

అమెరికాకు వలసపోయినవారికి ఆంగ్లము నేర్పు తరగతులలో నొక మంచి పద్ధతి కలదు. తనవలెనే వలసవచ్చి పేరొందిన యొకరి చరిత్రమును విద్యార్థిని యన్వేషించి, తోటివారి యెదుట చెప్పవలెను. అయితే గ్రంథములోని వాక్యముల నెత్తివ్రాసికొని యర్థము తెలియక చదివినచో భాషయు రాదు, బిడియమును తీరదు. కంఠపాఠ మక్కఱకు రాదని యింట చదువుకొన్న మేమెఱుగుదుము.

కావున విషయమును మొదట మాతృభాషలోనే సేకరింపనిండు. 1881లో రష్యా సామ్రాజ్యమున జన్మించిన మేరీ ఆంటిన్ 1894లో అమెరికా చేరెను. తన ప్రయాణమును గూర్చి మేనమామకు ఇడ్డిషు భాషలో లేఖ వ్రాసెను. పిదప తానే దాని నాంగ్లమున వ్రాయగా 1899లో పుస్తకమాయెను.

పిమ్మట మూడు ప్రశ్నలు చాలును. ఇల్లేల విడిచిరి? తొలిదినము లెట్లు గడచెను? ఏమి సాధించిరి? ఒక్కొక్కదానికి రెండేసి చిన్న వాక్యములు. మన తెలుగు వనితలు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నెన్నుకొనవచ్చును. బోస్టనులో చదువుకొనుచు రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేసినవారు, గర్భిణులకు నేడొసగు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకులైరి.

ఏడవ వాక్యము తన్ను గూర్చియే యుండవలెను: తానేల వచ్చెను? దానిని కాగితము చూడక పలికిన యిల్లాలు, రేపు బిడ్డ జ్వరమును గూర్చి వైద్యునితో పరుల సాయము లేకయే చెప్పుకొనగలదు. విద్యకు ఇంతకంటె ఫలమేమి కావలెను?